పూల ఆర్డర్ రాసేవారికి ఒక బహిరంగ లేఖ

సభలకు, హోటళ్లకు, ఆఫీసు లాబీలకు పూలు తెప్పించే కొనుగోలు విభాగాల వారికి, ఈవెంట్ నిర్వాహకులకు,

నమస్కారం.

ఈమధ్య మీ ఆర్డర్లలో చాలావాటి పైభాగాన ఒక కొత్త వాక్యం కనిపిస్తోంది: "ఆర్గానిక్, పర్యావరణహితమైన పూలే సరఫరా చేయాలి." చాలా సంతోషం. దాని కింద మాత్రం పాత జాబితా చెక్కుచెదరకుండా ఉంటోంది. ఎర్ర గులాబీలు 800, కాడ 60 సెంటీమీటర్లు, అన్నీ ఒకే ఛాయ, రేకు మీద మచ్చ ఉండకూడదు, ఆకు మీద చుక్క ఉండకూడదు, ఏ నెలైనా సరే, 3 రోజుల్లో చేరాలి. పై వాక్యం, కింది జాబితా ఒకే కాగితం మీద ఇమడవు. మొదటిది నిజం కావాలంటే రెండోది మారాలి. పూలు పండించే పనిలోనూ అలంకరించే పనిలోనూ ఉన్న మేము, ఆ మార్పు ఎక్కడ చేయాలో, ఎంత చేయాలో చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాం.

ముందు మచ్చ సంగతి. మందులన్నీ దాని వెనకే వస్తాయి. తినే పంటలో నాలుగు ఆకులకు పురుగు తగిలినా కాయ బాగుంటే రైతు ఓర్చుకుంటాడు. కోత పూలలో కాడ, ఆకు, రేకు అన్నీ సరుకే. దిగుమతి తనిఖీలో బతికున్న తామర పురుగు కంటబడితే లోడు మొత్తం ఆగిపోవచ్చు. తినే పంటల మీద మందు అవశేషాలకు గరిష్ఠ పరిమితులు పెట్టిన యూరోపియన్ యూనియన్ కూడా కోత పూలకు అలాంటివి పెట్టలేదు. అంటే ముందుకు తోసే ఒత్తిడే తప్ప వెనక్కి లాగే పగ్గం లేదు. 2016లో బెల్జియం పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడి దుకాణాల్లో కొన్న 90 గులాబీ, జెర్బెరా, చామంతి గుత్తులను పరీక్షిస్తే 107 రకాల మందుల జాడలు బయటపడ్డాయి. అన్నిటికంటే ఎక్కువ గులాబీల్లో.

ఆ మందు మొదట అంటేది మీ అతిథులకు కాదు. తోటలో కోసేవారికి, బల్ల దగ్గర ముళ్లు తీసేవారికి, రోజంతా తడి కాడలు చేతపట్టుకుని గుత్తులు కట్టేవారికి. మీ సరఫరా పూర్తిగా మారేదాకా మీ దగ్గర పనిచేసే అలంకరణ సిబ్బందికి నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) గ్లవ్స్ ఇప్పించండి. బట్ట గ్లవ్స్ వద్దు. అవి తడిసిన కొద్దీ మందును పీల్చుకుని చర్మానికి ఆనించి ఉంచుతాయి.

ఆర్గానిక్ అంటే ఏమీ కొట్టనిది అనుకుంటున్నవారు మీలో ఉన్నారు. అది నిజం కాదు. కృత్రిమ ఎరువులు, కృత్రిమ పురుగుమందులు వాడకూడదన్నది నియమం. బూడిద తెగులుకు గంధకం లేదా పొటాషియం బైకార్బనేట్, పురుగుకు వేపనూనె, బీటీ (పురుగును చంపే ఒక బ్యాక్టీరియా), సబ్బు ద్రావణం, నేలలో వేపపిండి, ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం వాడతారు. కొన్ని ప్రమాణాల్లో రాగి మందులకూ పరిమితంగా అనుమతి ఉంది. ఆ రాగి నేలలోంచి ఎటూ పోదు, ఏటేటా పేరుకుంటుంది. అందుకే "మందు కొట్టారా లేదా" అన్న ప్రశ్న పనికిరాదు. "ఏం కొట్టారు, చివరిసారి ఎప్పుడు కొట్టారు, ఆ రిజిస్టరు చూపిస్తారా" అని అడగండి. నిజంగా చేస్తున్న రైతు ఈ ప్రశ్నకు నొచ్చుకోడు, పుస్తకం తెచ్చి ముందు పెడతాడు.

మీ ఆర్డర్ తోటలో ఏం చేస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాం. పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన పందిరి) గులాబీకి పెద్ద శత్రువు ఎర్రనల్లి, ఆకు రసం పీల్చే అతిచిన్న జీవి. వేడి, పొడిగాలి దానికి పండగే. 30 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఎదిగిన నల్లి కావడానికి వారం చాలు. దాన్ని మందు లేకుండా అదుపు చేయడానికి ఫైటోసీలస్ పెర్సిమిలిస్ అనే వేట నల్లిని వదులుతారు. అది ఎర్రనల్లిని, దాని గుడ్లను తిని బతుకుతుంది. అయితే ఈ పద్ధతిలో కొద్దిపాటి ఎర్రనల్లి ఎప్పుడూ ఉండితీరాలి, లేకపోతే వేటనల్లి ఆకలితో చస్తుంది. అంటే కింది ఆకుల మీద కొన్ని లేత చుక్కలు తప్పవు. మీ గుమస్తా ఆ చుక్కలు చూసి 200 కాడలు వెనక్కి పంపాడనుకోండి. తర్వాతి విడతకు రైతు భయపడి ఒక్కసారి ఘాటైన మందు కొడతాడు. వేటనల్లి మొత్తం పోతుంది, గుడ్లలో దాగిన ఎర్రనల్లి మళ్లీ లేస్తుంది. ఈసారి తినేవాళ్లు లేరు కాబట్టి రెట్టింపై వస్తుంది. ఆ మందు జాడ పోయి మళ్లీ వేటనల్లిని వదలడానికి వారాలు పడుతుంది, ఈలోపు మందు మీద మందు. ఒక్క తిరస్కరణ ఒక తోటను మొత్తం సీజను వెనక్కి నెడుతుంది. కాబట్టి నాణ్యత నిబంధన ఇలా తిరగరాయండి: రేకుల మీద దెబ్బ ఉండకూడదు, మెడ గట్టిగా ఉండాలి, పై మూడోవంతు ఆకులు శుభ్రంగా ఉండాలి. కింది ఆకులను ఎలాగూ నీళ్లలో ముంచే ముందు దూసేస్తారు, వాటి మీద చుక్కల గురించి పట్టించుకోవద్దు.

ఇంకో మాట నిక్కచ్చిగా చెబుతున్నాం. మచ్చలేని పొడుగు కాడ ఆర్గానిక్ గులాబీని ఏడాది పొడవునా వందల లెక్కన అడగడం మానండి. బూడిద తెగులు, నల్లమచ్చ, బోట్రైటిస్ కుళ్లు, తామర పురుగు, ఎర్రనల్లి అన్నీ దాన్నే పట్టుకుంటాయి. దానికి వచ్చే కాలంలో కొన్ని తీసుకుని కళ్లు పడే చోట పెట్టండి. మిగతా పని వేరే పూలు చేస్తాయి.

ఆ వేరే పూలను ఆర్డర్‌లో ఎలా రాయాలన్నదే అసలు కిటుకు. రకం పేరు రాయకండి, ఆకారం రాయండి. అలంకరణకు నాలుగు రకాల కాడలు కావాలి. నిలువు గీతకు గ్లాడియోలస్, స్నాప్‌డ్రాగన్, రజనీగంధ, తోటకూర జాతి కంకులు. చూపు నిలిపే పెద్ద పూలకు పొద్దుతిరుగుడు, డాలియా, పెద్ద చామంతి, లిల్లీ. మధ్య నింపడానికి జినియా, ఆస్టర్, బంతి, స్కాబియోసా. గరుకుదనానికి కోడిజుట్టు, బొగడబంతి, స్టాటిస్, గడ్డికంకులు, కాయలున్న కొమ్మలు. "చూపు నిలిపే పూలు 150, వెచ్చని రంగులు, ఎత్తు 50 నుంచి 70 సెంటీమీటర్లు, ఆ వారం పొలంలో ఏది బాగుంటే అది" అని రాస్తే, రైతు తన దగ్గర ఆరోగ్యంగా ఉన్నది కోస్తాడు. "డాలియా, ఫలానా రకం, 150" అని రాస్తే, తన దగ్గర లేనిదాన్ని ఎక్కడినుంచో తెప్పిస్తాడు. ఎక్కడినుంచన్నది మీకు చెప్పడు. రంగు కూడా అంతే. ఒక ఛాయ కాదు, మూడు నాలుగు పక్కపక్క ఛాయలకు ఒప్పుకోండి. పొలం ఇచ్చే రంగు అచ్చువేసిన నమూనాతో సరిపోదు, సరిపోవాలని పట్టుబడితే చివరికి రంగునీళ్లు పట్టించిన పూలే వస్తాయి.

కాలానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి ఋతువు. రెండోది మీరు ఎన్ని రోజుల ముందు చెబుతారన్నది, దీన్నే ఎవరూ లెక్కలోకి తీసుకోరు. విత్తనం వేసిన తర్వాత పొద్దుతిరుగుడుకు, జినియాకు దాదాపు 2 నెలలు, గ్లాడియోలస్ దుంపకు రెండున్నర నుంచి 3 నెలలు, కోడిజుట్టుకు సుమారు 3 నెలలు, లిసియాంథస్‌కు నారుతో కలిపి 5 నెలల పైనే కావాలి. కార్యక్రమం తేదీ మీకు ఆరు నెలల ముందే తెలుసు, పూల ఆర్డర్ మాత్రం వారం ముందు వెళ్తుంది. 90 నుంచి 100 రోజుల ముందు, కనీసం ఆకారాల లెక్కతో, మాట ఇచ్చి చూడండి. రైతు మీ కోసమే విత్తుతాడు. ఒకేసారి కాకుండా 10 రోజుల తేడాతో రెండు విడతలు విత్తమనండి. వాన వచ్చో ఎండ ముదిరో ఒక విడత ముందు పూసేసినా రెండోది దొరుకుతుంది.

కోసే దశను బట్టి చేర్చే రోజు కూడా మారుతుంది. గ్లాడియోలస్‌ను కింది ఒకటి రెండు మొగ్గలకు రంగు తేలగానే కోస్తారు. మూడు రోజుల ముందే తెప్పించుకుని నిలబెట్టి ఉంచండి, పడుకోబెడితే కొసలు పైకి వంగిపోతాయి. స్నాప్‌డ్రాగన్ కూడా అంతే. డాలియా, జినియా కోసిన తర్వాత పెద్దగా విచ్చుకోవు, పూర్తిగా విచ్చాకే కోయాలి. కాబట్టి వాటిని ముందురోజు మాత్రమే తెప్పించండి. జినియా సిద్ధంగా ఉందో లేదో తెలుసుకోవడానికి కాడను పువ్వుకు జానెడు కింద పట్టుకుని ఊపండి. మెడ వేలాడితే పచ్చిది, బిగుసుకుని నిలబడితే కోయవచ్చు. పొద్దుతిరుగుడును రేకులు లేవడం మొదలైనప్పుడే కోస్తే ప్రయాణంలో నలగదు. ఇవన్నీ ఒకే లారీలో ఒకే రోజు రావాలని రాసే ఆర్డర్ సగం పూలను చెత్తకు పంపుతుంది.

"దగ్గరలో పండినవే కొంటే చాలు కదా" అని అడుగుతారు. చాలదు. 2007లో ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం 12,000 గులాబీలకు లెక్క కట్టింది. కెన్యాలో ఎండకు పెరిగి విమానంలో వచ్చినవాటికి సుమారు 2,200 కిలోల కార్బన్ డయాక్సైడ్. నెదర్లాండ్స్‌లో గ్యాస్‌తో వేడిచేసి, దీపాలు వెలిగించిన గాజు ఇళ్లలో పెరిగినవాటికి సుమారు 35,000 కిలోలు. అలాగని కెన్యా పూలు కొనేయమని మేం చెప్పడం లేదు. అక్కడి నైవాషా సరస్సు 1995 నుంచి రామ్‌సర్ చిత్తడినేల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందినది. ఆ పరివాహకంలో పెరిగే ఒక్కో గులాబీ కాడకు 7 నుంచి 13 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని 2012లో పరిశోధకులు తేల్చారు. వేడిపెట్టిన గాజిల్లు ఒక తప్పు, విమానం మరో తప్పు. ఆరుబయట, ఆ ఋతువులో, రోడ్డు మీద చేరే దూరంలో పెరిగిన పువ్వుకు ఈ రెండూ తప్పుతాయి. దూరం నుంచి తప్పనిసరిగా రావాల్సివస్తే, ఓడలో చల్లని కంటైనర్‌లో రాగలిగే కార్నేషన్, చామంతి వంటివి అడగండి. "దగ్గరదా" అని అడిగిన తర్వాత, "వేడి పెట్టారా, దేనితో పెట్టారు" అని తప్పకుండా అడగాలి.

లేబుళ్ల విషయంలోనూ తొందరపడకండి. ఫెయిర్‌ట్రేడ్ ముఖ్యంగా కూలీల పరిస్థితులను చూస్తుంది, కొన్ని మందులను నిషేధిస్తుంది. అది ఆర్గానిక్ ముద్ర కాదు. రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ కూడా కాదు. నెదర్లాండ్స్‌లో పుట్టిన ఎంపీఎస్ అనే పూల సాగు ధ్రువీకరణలో రైతు వాడిన మందు, ఎరువు, కరెంటు లెక్కలను బట్టి ఎ+ నుంచి సి వరకు గ్రేడు ఇస్తారు. కాబట్టి "ఎంపీఎస్ ఉంది" అంటే సరిపోదు, ఏ గ్రేడో అడగాలి. ఆర్గానిక్ సర్టిఫికెట్ చూపితే మూడు చూడండి: గడువు తేదీ, పొలం పేరు, జాబితాలో ఈ పువ్వు ఉందా లేదా. కూరగాయలకు తీసుకున్న కాగితాన్ని పూలకు చూపించడం జరుగుతుంది. సరిహద్దు దాటివచ్చిన సరుకైతే, పురుగు దొరికినందుకు పొగబెట్టారా అని కూడా అడగండి. ఓజోన్ పొరను దెబ్బతీసే మిథైల్ బ్రోమైడ్ అనే పొగమందును మాంట్రియల్ ఒప్పందం కింద వర్ధమాన దేశాలు కూడా 2015 నాటికి సాగులో వదిలేయాల్సి వచ్చింది గానీ, క్వారంటైన్ పొగకు మినహాయింపు మిగిలింది. చిన్న రైతుకు సర్టిఫికెట్ ఖర్చు భరించడం కష్టం. అతని పొలానికి ఒకసారి వెళ్లి రిజిస్టరు, ఎరువుల గుట్ట, మందుల గది చూసివచ్చి కొనడాన్ని మేం లేబుల్ కంటే తక్కువగా చూడం.

ఇప్పుడు ఫోమ్, అంటే అలంకరణలో కాడలు గుచ్చడానికి వాడే నురగ ఇటుక. పూలు ఎంత మంచివైనా వాటిని ఆకుపచ్చ ఇటుకలో గుచ్చితే మీ పై వాక్యం అక్కడితో అబద్ధమైపోతుంది. 1954లో అమెరికాలో పుట్టిన ఈ ఫోమ్ ఫినాల్ ఫార్మాల్డిహైడ్ ప్లాస్టిక్. నీళ్లు పీల్చేలా కోట్ల గదులతో నురగగా పోసినది. వేలితో నొక్కితే పొడి అవుతుంది, ఆ పొడి ప్రతి రేణువూ మైక్రోప్లాస్టిక్. ఆస్ట్రేలియాలోని ఆర్‌ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రేణువులను నీటి జీవులు మింగుతున్నాయని, వాటినుంచి ఊరే రసాయనాలు వాటికి విషమని చూపించారు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన ప్రదర్శనల్లో 2021 నుంచి దీన్ని నిషేధించింది. అంతంత పెద్ద అలంకరణలు ఫోమ్ లేకుండా నిలబడుతున్నాయంటే మీ బల్ల మీద గుత్తి నిలబడదా? "బయోడిగ్రేడబుల్" అని రాసి ఉన్న ఫోమ్‌ను నమ్మేముందు ఏ ప్రమాణం ప్రకారం, ఎన్ని నెలల్లో, ఏ పరిస్థితుల్లో అని రాతపూర్వకంగా అడగండి. ఉన్న పాత ఫోమ్ నీళ్లను సింకులో పోయకండి. దట్టమైన గుడ్డలోంచి వడకట్టి, ముద్దను మామూలు చెత్తలోకి పంపండి, కంపోస్టులోకి వద్దు.

ఫోమ్ బదులు చికెన్ మెష్, అంటే కోళ్ల గూళ్లకు వాడే తీగ వల వాడండి. కన్ను 5 సెంటీమీటర్లు, సన్న కాడలకైతే 2.5. పాత్ర నోటి వెడల్పుకు మూడింతలు పొడవున్న ముక్క కత్తిరించి, కొసలు లోపలికి మడిచి, వదులుగా ఉండలా చుట్టి పాత్రలో దించండి. మెష్ కొంచెం అంచు పైకి ఉబ్బి ఉండాలి. పైన టేపుతో అడ్డంగా నిలువుగా ఒక్కో పట్టీ వేయండి. ప్రతి కాడా కనీసం రెండు పొరల కన్నుల్లోంచి పోవాలి. ఒక్క పొరలోంచే పోతే అది గిర్రున తిరుగుతుంది, చాలామంది "మెష్ నిలవదు" అనేది ఇక్కడే. ఉండను మరీ బిగిస్తే కాడలు దిగవు, గాయపడతాయి. ఎత్తైన అలంకరణ అయితే పాత్ర అడుగున కడిగిన గులకరాళ్లు వేసి బరువు పెంచండి, లేకపోతే పైబరువుకు ఒరుగుతుంది. మూడింట రెండొంతుల నీళ్లతో తీసుకెళ్లి అక్కడికి చేరాక నింపండి. నీళ్లు ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. ఫోమ్‌కు అలవాటుపడినవారు నీళ్లు చూడటం మర్చిపోతారు, రెండో రోజుకు కాడ కొసలు గాలిలో ఉంటాయి. వెడల్పు పళ్లేనికి కాడలు గుచ్చే ఇత్తడి మేకుల పీట, కెన్‌జాన్, సరిపోతుంది, ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది.

ఆర్చీలు, వేలాడే అలంకరణలు మాత్రం కష్టమే, దాచడం లేదు. అక్కడ పూలనే ఎంచుకోవాలి. స్టాటిస్, బొగడబంతి, కోడిజుట్టు, ఎండుపూలు నీళ్లు లేకుండా రోజంతా ఉంటాయి. చామంతి, బంతి గంటల కొద్దీ తట్టుకుంటాయి. హైడ్రేంజియా గంటలోనే వాడుతుంది, దాన్ని పైకి ఎక్కించకండి. దాహమున్నవి కింద పాత్రల్లో, ఓపికున్నవి పైన. తప్పనిసరైన కొన్ని కాడలకు రబ్బరు మూత ఉన్న, మళ్లీ వాడగలిగే నీటి గొట్టాలు పెట్టండి. ఎన్ని తెచ్చారో లెక్క రాసి అన్నీ వెనక్కి తీసుకోండి.

వాడిపోయి పారేసిన పువ్వుకు అయిన నీళ్లు, ఎరువు, ప్రయాణం అన్నీ వృథాయే. అందుకే శుభ్రత కూడా పర్యావరణం పనే. బకెట్లను సబ్బుతో, బ్రష్‌తో రుద్ది కడగాలి, పాకుడు జారుడు వేలికి తగలకూడదు. కాడ అడుగున 2, 3 సెంటీమీటర్లు పదునైన కత్తితో ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేసి, చల్లని నీడలో కనీసం 3, 4 గంటలు నీళ్లు తాగనివ్వండి. కాడ గొట్టాలు మూసుకుపోవడానికి ముఖ్య కారణం బ్యాక్టీరియా. జెర్బెరా మెడ వంగిపోయేది ఎక్కువగా దానివల్లే. దానికి 5 నుంచి 8 సెంటీమీటర్ల లోతు నీళ్లు చాలు, కాడ నిండా ముంచితే కుళ్లుతుంది. నీళ్లలో పంచదార వేయాలనుకుంటే లీటరుకు 10 నుంచి 20 గ్రాములు, దాంతోపాటు చిటికెడు సిట్రిక్ ఆమ్లం తప్పక వేయాలి. ఆమ్లం లేని పంచదార పువ్వుకు కాదు, బ్యాక్టీరియాకు ఆహారం. ఏమీ వేయకుండా రోజూ నీళ్లు మార్చి, రెండు రోజులకోసారి కాడ కొస కోసినా బాగానే నిలుస్తాయి.

చల్లటి గదిలో చాలా పూలకు 1 నుంచి 4 డిగ్రీలు సరి. జినియాకు, ఆర్కిడ్, ఆంథూరియం వంటి ఉష్ణమండల పూలకు ఆ చలి పడదు, రేకులు నల్లబడతాయి. ఉష్ణమండల పూలను 12 డిగ్రీలకు పైన ఉంచండి. ఆ గదిలో పండుతున్న పళ్లు పెట్టకండి, లారీ ఇంజను పొగ లోపలికి రానివ్వకండి. రెండింటిలోనూ పూలను త్వరగా ముదిర్చే ఎథిలీన్ వాయువు ఉంటుంది. దాని దెబ్బకు కార్నేషన్ రేకులు లోపలికి ముడుచుకుంటాయి, స్నాప్‌డ్రాగన్ పూలు రాలిపోతాయి. దీన్ని ఆపడానికి వెండి కలిసిన సిల్వర్ థయోసల్ఫేట్ పట్టిస్తారు, మిగిలిన ద్రావణం కాలువలోకి పోతే నీటి జీవులకు విషం. ఎథిలీన్‌కు పెద్దగా చలించని పొద్దుతిరుగుడు, చామంతి, జినియా, జెర్బెరాలను ఎంచుకుంటే ఆ మందు అవసరమే రాదు.

పెయింటు కొట్టిన ఆకులు, మెరుపుపొడి చల్లిన పూలు, బ్లీచ్ చేసి తెల్లబరిచిన ఎండుగడ్డి పూర్తిగా మానేయండి. చుట్టడానికి కాగితం, కట్టడానికి జనపనార. "సెల్లోఫేన్" అని అమ్మే పారదర్శక కాగితం చాలాచోట్ల పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్కే. ఇంకా మేలైన దారి, కట్టలు చుట్టకుండా నీళ్ల బకెట్లలోనే తెచ్చి, ఖాళీ బకెట్లు రైతుకు తిరిగి ఇవ్వడం.

కార్యక్రమం అయ్యాక పూలను ఎవరు, ఎప్పుడు విప్పుతారో కూడా ఆర్డర్‌లోనే రాయండి. అర్ధరాత్రి అలసిపోయిన సిబ్బంది తీగ, రిబ్బను, పువ్వు అన్నీ ఒకే సంచిలో కుక్కుతారు, ఆ తర్వాత ఎవరూ వేరుచేయరు. తీగలు, టేపు తీసేసిన కాడలను చిన్న ముక్కలుగా నరికి, ఒక పాలు పూలకు రెండు మూడు పాళ్లు ఎండాకులు కలిపి, మీటరు ఎత్తు కుప్ప వేయాలి. ఎండాకులు తక్కువైతే పూలు ముద్దకట్టి కంపు కొడతాయి. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. ఎక్కడివో తెలియని పూలను తినే మొక్కలకు వేసే ఎరువులో మాత్రం కలపకండి.

మీ కాగితంలో చేర్చడానికి మాటలు కూడా మేమే రాసి ఇస్తున్నాం:

"పూలను ఆకారం, ఎత్తు, రంగుల శ్రేణి ప్రకారం కోరుతున్నాం, రకం ఎంపిక పండించేవారిదే. ఆరుబయట లేదా వేడిపెట్టని పందిళ్లలో ఆ ఋతువులో పెరిగినవి కావాలి. పొలం పేరు, మందుల రిజిస్టరు నకలు సరుకుతో పంపాలి. కింది ఆకుల మీద మచ్చలను తిరస్కరణకు కారణంగా చూపం. ఫోమ్, రంగు పట్టించిన పూలు, మెరుపుపొడి, ప్లాస్టిక్ చుట్టలు వద్దు. బకెట్లు, మెష్, గొట్టాలు లెక్కప్రకారం తిరిగి ఇస్తాం."

అన్నీ ఒకేసారి మార్చలేకపోతే ఫోమ్‌తో మొదలుపెట్టండి, దానికి ఏ రైతూ ఏ ఋతువూ అడ్డురాదు. తర్వాత కింది ఆకుల మచ్చ నిబంధన తీసేయండి. ఆ పైన, మీ క్యాలెండర్‌లో 100 రోజుల తర్వాత ఉన్న ఒక కార్యక్రమాన్ని ఎంచుకుని, దానికి కావాల్సిన ఆకారాల లెక్కను ఈ వారమే ఒక రైతుకు పంపండి. విత్తనం వేయడానికి అతనికి ఆ గడువు కావాలి.

ఇట్లు,
పూల సాగులో, అలంకరణ పనిలో ఉన్న కొందరం